విశాఖ నుంచి విదేశీ సేవకు: అనాథ పిల్లలకు, పేదలకు సాయపడాలని బయలుదేరేవారికి సమగ్ర మార్గదర్శి

"అక్కా, ఆఫ్రికాలో ఏదైనా అనాథాశ్రమంలో రెండు నెలలు సేవ చేయాలని ఉంది, ఎలా వెళ్ళాలి?" ఈ ప్రశ్న నాకు నెలకు నాలుగైదుసార్లు వస్తుంది. అడిగేవాళ్ళలో ఎక్కువమంది గాజువాక, మధురవాడ, ఎంవీపీ కాలనీ పిల్లలు. చదువు పూర్తయి ఉద్యోగంలో చేరేలోపు ఖాళీ దొరికినవాళ్ళు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు కూడా అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ ఫోనులో అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

నేను విశాఖలో ఇరవై ఏళ్ళు నర్సుగా పనిచేశాను. విదేశీ సేవకు రెండుసార్లు వెళ్ళాను. మొదటిది నేపాల్‌లో పది రోజులు, అన్నీ తప్పులే. రెండోది పశ్చిమ కెన్యాలో, కిసుము దగ్గర ఐదు నెలలు, కాస్త నయం. ఈ రెంటి మధ్య నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నది.

ఒక మాట ముందే. ఇది వచ్చే నెలలో ప్రయాణమయ్యేవాళ్ళకు పనికిరాదు. కనీసం తొమ్మిది నెలల ముందు మొదలుపెట్టేవాళ్ళ కోసం రాసింది.

1. ఏ పనికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

అందరూ దేశంతో మొదలుపెడతారు, ఆపైన విమానం టికెట్టు ధర చూస్తారు. పని ఏమిటన్నది చివరికి మిగులుతుంది. వరుస తిరగేయండి: పని, సంస్థ, దేశం, టికెట్టు.

పని గురించి నా సలహా సూటిగా చెబుతాను. అనాథాశ్రమంలో పిల్లలతో గడిపే పనికి వెళ్ళకండి. అడిగినవాళ్ళలో సగం మంది ఈ మాట దగ్గరే ఫోను పెట్టేస్తారు. మీరు ఇంకాస్త చదవండి.

కాఠ్మాండూలో నేను దిగిన పిల్లల గృహంలో గోడ నిండా రంగుల అరచేతి ముద్రలు ఉండేవి. ఒక్కో ముద్ర కింద ఒక పేరు, ఒక దేశం. అన్నీ వచ్చి వెళ్ళిన సేవకులవి. నేను లోపలికి అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే ఆరేడేళ్ళ పాప వచ్చి నా వేలు పట్టుకుంది. పేరు అడగలేదు. "ఎన్ని రోజులుంటావు?" అని హిందీలో అడిగింది. పది అన్నాను. తల ఊపి, రెండో చేత్తో నా సంచి జిప్పు లాగి లోపల ఏముందో చూడసాగింది.

ఆ రాత్రి ఆ పాప ప్రేమకు మురిసిపోయాను. ఆ పట్టు అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇంట్లో పెరిగే పిల్ల కొత్త మనిషిని చూస్తే అమ్మ కొంగు చాటుకు పోతుంది. ఆ కొంగు లేని పిల్ల ఎవరు దొరికితే వాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. ఇలా ముక్కూ మొహం తెలియని వాళ్ళను అతుక్కుపోయే పిల్లలను చూస్తే పిల్లల మానసిక వైద్యులు కంగారుపడతారు. పది రోజులకోసారి ఒక మనిషి వచ్చి, మచ్చిక చేసుకుని, ఏడిపించి వెళ్ళిపోతుంటే ఆ గాయం ముదురుతుంది. ఆ ముదిరించిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని.

రెండో విషయం. ఆ గృహాల్లో ఉండే పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. పేదరికం వల్ల, చదువు దొరుకుతుందన్న ఆశతో పంపుతారు. మనకిది కొత్త కాదు. పాడేరు, అరకు వైపు ఎంతమంది తల్లిదండ్రులు పిల్లలను ఆశ్రమ పాఠశాలల్లో చేర్చరు? ఆ పిల్లలను వరసగా నిలబెట్టి "వీళ్ళు అనాథలు" అని పర్యాటకులకు చూపిస్తే మనకు ఎలా ఉంటుంది? నేపాల్‌లో పిల్లల గృహాల్లో అత్యధిక భాగం ఐదు జిల్లాల్లోనే ఉన్నాయి: కాఠ్మాండూ, లలిత్‌పుర్, భక్తపుర్, కాస్కీ, చిత్వన్. అవి పర్యాటకులు తిరిగే జిల్లాలు. పర్యాటకులు ఎక్కడుంటే అక్కడే అనాథలు పుడతారా? చూసేవాళ్ళు, డబ్బిచ్చేవాళ్ళు ఉన్న చోటికి పిల్లలను తీసుకొచ్చారు, అంతే.

అందుకే ప్రభుత్వాలు కూడా దారి మార్చుకుంటున్నాయి. కెన్యా 2017లో కొత్త పిల్లల సంస్థల నమోదును నిలిపివేసింది. 2022లో పిల్లలను సంస్థల నుంచి కుటుంబాలకు చేర్చే పదేళ్ళ ప్రణాళిక ప్రకటించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా పిల్లల హక్కుల తీర్మానంలో అనాథాశ్రమ పర్యాటకం వల్ల జరిగే హానిని ప్రస్తావించింది.

మరి పిల్లలకు సాయపడేదెలా? పిల్లలను చూసుకునే పెద్దలకు సాయపడండి. కిసుములో నా పని ఇదీ: అక్కడి ఆరోగ్య కార్యకర్తలు, మన ఆశా కార్యకర్తల వంటివాళ్ళు, ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్ళలోపు పిల్లల జబ్బ చుట్టూ రంగుల కొలత పట్టీ వేసి చూస్తారు. 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వస్తే పట్టీ ఎరుపు చూపిస్తుంది, తీవ్ర పోషకాహార లోపం అన్నమాట. పట్టీ వేసింది వాళ్ళే. నేను పిల్లలను ముట్టుకోలేదు. ఎరుపు వచ్చిన బిడ్డ తర్వాతి వారం ఆసుపత్రికి వెళ్ళిందా లేదా తెలిసేలా ఒక రిజిస్టరు గీసి, దాన్ని నింపడం నాతో పనిచేసిన ఐదుగురు కార్యకర్తలకూ అలవాటు చేశాను. ఐదు నెలల్లో నేను చేసింది ఇంతే. ఫోటోకు పనికొచ్చే పని కాదు.

ఇప్పుడు ఒక కాగితం మీద ఈ నాలుగింటికీ జవాబులు రాయండి:

☐ నాకు డబ్బిచ్చి చేయించుకునేంత బాగా వచ్చిన పని ఏది? లెక్కలు, కుట్టుపని, నర్సింగ్, పంపు మరమ్మతు, కంప్యూటర్, ఏదైనా సరే.
☐ అదే పని అక్కడివాళ్ళు ఎవరైనా చేయగలరా? చేయగలిగితే నేను వెళ్ళడం వాళ్ళ కూలి మీద దెబ్బ.
☐ నేను వచ్చేశాక ఆ పనిని ఎవరు కొనసాగిస్తారు?
☐ ఇదే పని మా ఊళ్ళో చేయడానికి నన్ను అనుమతిస్తారా?

చివరి ప్రశ్న చాలామందిని పట్టేస్తుంది. బోధనలో ఒక్క గంట అనుభవం లేని కుర్రాడిని విశాఖలో ఏ బడి కూడా తరగతి గదిలోకి రానివ్వదు. అక్కడ మాత్రం ఎందుకు రానివ్వాలి?

2. ముందు ఆరు నెలలు ఇక్కడే

ఈ అంచెను దాటేయాలని అందరూ చూస్తారు. దాటకండి. వారానికి ఒక రోజు చొప్పున ఆరు నెలలు మన ఊళ్ళోనే, మీరు ఎంచుకున్న పనినే చేయండి. పేటల్లో సాయంత్రం బడి, ప్రభుత్వ ఆసుపత్రిలో రోగులకు దారి చూపడం, మహిళా సంఘాలకు లెక్కల పుస్తకాలు రాయడం నేర్పడం. ఏదైనా ఫరవాలేదు, మానకుండా చేయడం ముఖ్యం.

ఇరవై ఆరు వారాల్లో మీరు ఎన్ని వారాలు వెళ్ళారో రాసుకోండి. ఇరవై దాటితే మూడో అంచెకు రండి. పది దాటకపోతే, ద్వారకా బస్‌స్టేషన్ నుంచి అరగంట దూరానికే రాని మనిషి, సముద్రం దాటి ఏం చేస్తారో మీరే ఆలోచించుకోండి.

పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేయాలనుకుంటే అది 2015 నాటి బాల న్యాయ చట్టం కింద నమోదైనదా అని తప్పక అడగండి. నమోదు లేకుండా పిల్లలను ఉంచడం నేరం. అక్కడ ఏదైనా తేడాగా కనిపిస్తే 1098కి ఫోను చేయండి.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. మనవాళ్ళకు పుట్టినరోజున ఆశ్రమానికి బిర్యానీ పొట్లాలు తీసుకెళ్ళి, పిల్లల మధ్య కేకు కోసి ఫోటో దిగడం అలవాటయింది. ఒక ఆదివారం నేను చూస్తుండగానే అదే పిల్లలు మూడు కుటుంబాలకు చప్పట్లు కొట్టి పాట పాడారు. నాలుగో కేకు వచ్చేసరికి ఒక పిల్లవాడు నిలబడే కునికిపాట్లు పడుతున్నాడు. విదేశంలో జరిగే తప్పు కూడా ఇలాంటిదే, టికెట్టు ఖర్చు మాత్రమే ఎక్కువ.

3. సంస్థను వడకట్టడం

నమ్మదగిన దారులు కొన్ని ఉన్నాయి.

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970 నుంచి ఉంది. ప్రధాన కార్యాలయం జర్మనీలోని బాన్‌లో. నమోదుకు రుసుము లేదు. ఎంపికైతే వాళ్ళే జీవన భత్యం ఇస్తారు. 18 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకు యువ విభాగం, 27 నిండి అనుభవం ఉన్నవాళ్ళకు నిపుణుల విభాగం ఉన్నాయి. పోటీ ఎక్కువ, ఓపిక కావాలి. ఇల్లు కదలకుండా కంప్యూటర్ మీద చేసే పనులు కూడా అక్కడ దొరుకుతాయి: అనువాదం, పోస్టర్ల రూపకల్పన, సమాచార పట్టికలు. ఇంట్లో పెద్దవాళ్ళను వదిలి వెళ్ళలేని వాళ్ళకు నేను ముందు చెప్పేది ఇదే.

వైద్యులు, నర్సులు, ఆసుపత్రి లెక్కలు లేదా సరకుల నిర్వహణ తెలిసినవాళ్ళు సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. అక్కడా మీరు డబ్బు కట్టరు, వాళ్ళే ఇస్తారు. ఫ్రెంచి వస్తే అవకాశాలు పెరుగుతాయి.

మూడో దారి, స్థానికులు నడిపే చిన్న సంస్థకు నేరుగా రాయడం. నేను వెళ్ళింది ఇలాగే. శ్రమ ఎక్కువ, మోసం జరిగే అవకాశమూ ఇక్కడే ఎక్కువ. నాలుగో దారి డబ్బు తీసుకుని పంపే ఏజెన్సీలు. అన్నీ చెడ్డవని అనను. వాటి విషయంలో మాత్రం ఈ అంచెను రెండుసార్లు చదవండి.

మొదటి మెయిల్‌లోనే ఈ ప్రశ్నలు పెట్టండి:

☐ మీ సంస్థ ఏ చట్టం కింద, ఏ ప్రభుత్వ శాఖ దగ్గర నమోదైంది? నమోదు పత్రం నకలు పంపగలరా?
☐ నిరుటి లెక్కల తనిఖీ నివేదిక పంపగలరా?
☐ పిల్లల రక్షణ విధానం రాతపూర్వకంగా ఉందా?
☐ నా నుంచి పోలీసు ధ్రువీకరణ, ఇద్దరు పరిచయస్తుల సిఫారసు అడుగుతారా?
☐ నా పనిని రోజూ పర్యవేక్షించే స్థానికులు ఎవరు? వెళ్ళేముందు వారితో మాట్లాడవచ్చా?
☐ నేను కట్టే డబ్బులో ఎంత ఏ పద్దుకు పోతుంది?
☐ ఏ వీసా లేదా అనుమతి మీద పని చేస్తాను? దాన్ని ఎవరు ఇప్పిస్తారు?

జవాబుల్లో చూడవలసింది ఒకటే. మిమ్మల్ని ఎంత కష్టపెడుతున్నారు? "ఎప్పుడైనా రండి, అనుభవం అక్కర్లేదు, ఎన్ని రోజులైనా ఉండండి" అంటే అక్కడితో ఆపేయండి. పోలీసు ధ్రువీకరణ అడగకుండా మిమ్మల్ని పిల్లల మధ్యకు రానిచ్చేవాళ్ళు ఇంకెవరినైనా రానిస్తారు. నేపాల్ వెళ్ళినప్పుడు నన్ను ఎవరూ ఒక్క కాగితం కూడా అడగలేదు. అప్పుడది మర్యాద అనుకున్నాను. కిసుము సంస్థ నన్ను రెండుసార్లు వీడియోలో ఇంటర్వ్యూ చేసి, నా పాత మేట్రన్‌తో ఫోనులో మాట్లాడి, నాలుగు నెలలు తిప్పించుకుంది. విసుక్కున్నాను కానీ ఆ తిప్పడమే వాళ్ళ మీద నమ్మకం కలిగించింది.

వెబ్‌సైట్లో పిల్లల ముఖాలు పెద్దగా, పేర్లతో, విషాద కథలతో కనిపిస్తే పక్కన పెట్టండి. పనిచేసే స్థానిక సిబ్బంది ముఖాలు కనిపిస్తే ఇంకాస్త చదవండి.

4. డబ్బు లెక్క

సేవ కాబట్టి ఖర్చు ఉండదనుకుంటారు. ఉంటుంది. ఒక నోటు పుస్తకంలో ఐదు పద్దులు గీయండి: ప్రయాణం, అనుమతులు, వైద్యం, అక్కడి బస భోజనం, అత్యవసరం. చివరి పద్దులో ఏ రోజైనా తిరుగు టికెట్టు కొనగలిగినంత డబ్బు ఉండాలి. దాన్ని ముట్టుకోకూడదు. సంస్థ నచ్చకపోతే మర్నాడే లేచి రాగలగడం మీ భద్రతలో పెద్ద భాగం.

బసకు డబ్బు అడిగితే తప్పు కాదు, మిమ్మల్ని పోషించే భారం వాళ్ళ మీద పడకూడదు కదా. ఆ డబ్బు అక్కడి కుటుంబానికి నేరుగా ముడుతోందా అన్నది చూడండి. మొత్తం ముందే, అదీ ఒక వ్యక్తి సొంత ఖాతాలో వేయమంటే వేయకండి.

స్నేహితుల దగ్గర చందాలు పోగుచేసి పట్టుకెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. మన దేశంలో నమోదైన సంస్థలకు ఇచ్చే విరాళాల మీద వచ్చే 80జీ పన్ను మినహాయింపు విదేశీ సంస్థకు ఇచ్చినదాని మీద రాదు. పైగా చేతిలో నగదుతో దిగిన మనిషిని అక్కడ ఎవరూ పనివాడిగా చూడరు.

ఇంకొకటి: మీ మొత్తం ఖర్చును, అదే డబ్బుతో అక్కడి మనిషికి ఎన్ని నెలల జీతం ఇవ్వవచ్చో దానితో పోల్చి చూడండి. అంకె చూశాక కూడా వెళ్ళడమే మేలనిపిస్తే, ఎందుకో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే డబ్బు పంపి ఇంట్లో ఉండండి. నాకు తెలిసిన ఒక మాస్టారు అదే చేశారు, చాలా మంచి పని చేశారని నా అభిప్రాయం.

5. కాగితాలు, ఈ వరుసలోనే

మొదట పాస్‌పోర్ట్. ఉంటే గడువు చూడండి, ప్రయాణం తర్వాత కనీసం ఆరు నెలలు మిగలాలి. లేకపోతే పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్లో దరఖాస్తు చేసుకోండి. మనకు ప్రాంతీయ కార్యాలయం మర్రిపాలెంలో ఉంది. 36 పేజీల పుస్తకానికి రుసుము 1500 రూపాయలు. ఆధార్‌లో, పదో తరగతి ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో ముందే చూసుకోండి. మన ఇంటిపేర్లు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉండి చివరి నిమిషంలో కొంప ముంచుతాయి.

తర్వాత పోలీసు ధ్రువీకరణ పత్రం. అదీ అదే వెబ్‌సైట్ ద్వారానే, రుసుము 500 రూపాయలు. పాతది చెల్లకపోవచ్చు కాబట్టి మరీ ముందుగా తీసుకోకండి.

మూడోది వీసా, పని అనుమతి. చాలామంది పడే గొయ్యి ఇదే. జీతం లేకపోయినా, సేవ కూడా చాలా దేశాల చట్టం దృష్టిలో పనే. కెన్యాకు 2024 జనవరి నుంచి వీసా బదులు ముందస్తు ఎలక్ట్రానిక్ అనుమతి తీసుకోవాలి. అది ప్రవేశానికి మాత్రమే, పనికి వేరే పాస్ కావాలి. కంబోడియాలోనూ పర్యాటక వీసా మీద సేవా పని చేయకూడదు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, విమానంలో వెళ్తే పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆ సౌలభ్యం వల్లే నేను అంత తేలిగ్గా వెళ్ళి ఆ తప్పు చేశాను. "పర్యాటకుడినని చెప్పండి, ఎవరూ అడగరు" అని సలహా ఇచ్చే సంస్థ దగ్గరికి వెళ్ళకండి. పట్టుబడితే జరిమానా, దేశం నుంచి పంపివేత పడేది మీకు.

ఆపైన బీమా. మామూలు ప్రయాణ బీమా సరిపోదు. సేవా పనికి వర్తిస్తుందా, అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు ఇస్తుందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

అన్నిటి నకళ్ళు రెండు: ఒకటి ఇంట్లో, ఒకటి మెయిల్‌లో. అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. విదేశాంగ శాఖ నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఎలా చేయాలో ఇంట్లోవాళ్ళకు ముందే చూపించండి.

6. టీకాలు, మందులు

ఎనిమిది వారాల ముందే వైద్యుడిని కలవండి. హెపటైటిస్ ఎ, బి, టైఫాయిడ్, ధనుర్వాతం, వెళ్ళే చోటును బట్టి రేబిస్. ఏవి కావాలో ఆయన నిర్ణయిస్తారు.

కెన్యా, ఉగాండా, ఇథియోపియా, ఘనా వంటి దేశాలకైతే పచ్చజ్వరం టీకా తప్పదు. ఇది వీధి చివర ఆసుపత్రిలో దొరకదు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. విశాఖలో పోర్టు ఆరోగ్య సంస్థ అలాంటి కేంద్రం. ఏ రోజుల్లో వేస్తారో ముందు ఫోను చేసి వెళ్ళండి. వేసుకున్న పదో రోజు నుంచి ఆ పత్రం చెల్లుతుంది, ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ పత్రాన్ని తిరిగొచ్చేటప్పుడు మన దేశంలో కూడా అడుగుతారు. అది లేకుండా ఆ దేశాల నుంచి దిగితే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. పాస్‌పోర్ట్‌కు రబ్బరుబ్యాండు వేసి కలిపి ఉంచండి.

మలేరియా మాత్రలు వైద్యుడు రాసిస్తేనే. నైరోబీ ఎత్తయిన చోటు కాబట్టి అక్కడ ముప్పు తక్కువ. విక్టోరియా సరస్సు ఒడ్డున, కోస్తాలో ఎక్కువ. రోజూ వాడే మందులుంటే చీటీతో సహా, అసలు ప్యాకింగ్‌లోనే తీసుకెళ్ళండి.

7. సామాను

తక్కువ. చాలా తక్కువ. మూడు జతల బట్టలు, దోమతెర, టార్చి, కెన్యాకైతే దీర్ఘచతురస్రపు మూడు పిన్నుల ప్లగ్గుకు సరిపడే అడాప్టరు.

ఆవకాయ సంగతి. అమ్మలు దాన్ని నాలుగు పాలిథీన్ సంచుల్లో చుట్టి పెడతారు. కెన్యాలో 2017 నుంచి, రువాండాలో 2008 నుంచి ఆ సంచులు నిషేధం, విమానాశ్రయంలోనే తీసేస్తారు. స్టీలు డబ్బాలో పెట్టి, మూతకు గుడ్డ బిగించి కట్టండి.

తిండికి బెంగ అక్కర్లేదు. కిసుములో పొద్దున్నే నాకు గ్లాసులో ఇచ్చిన ఉజీ అచ్చంగా మన చోడి అంబలి. గింజ కూడా అదే. ఒక్క ఉప్పుకు బదులు పంచదార వేస్తారు.

పంచడానికి పెన్సిళ్ళు, చాక్లెట్లు, పాత బట్టలు మోసుకెళ్ళకండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను తర్వాత మత్స్యకార పేటల్లో పాత బట్టల గుట్టలు వానలో నానడం నేను చూశాను. అక్కడివాళ్ళు అడిగింది వలలు, ఇంటి కప్పులు. బట్టలు ఎవరూ అడగలేదు. కావలసింది అక్కడి దుకాణంలోనే కొనండి, ఆ దుకాణదారు కూడా ఆ ఊరివాడే.

8. మొదటి పదిహేను రోజులు

ఏ పనీ మార్చకండి. సలహా ఇవ్వకండి. వెంట తిరిగి చూడండి, రాసుకోండి.

భాష కొంచెమైనా నేర్చుకుని వెళ్ళండి. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీలో "జాంబో" పర్యాటకుల పలకరింపు. పెద్దవాళ్ళను "శికమో" అని పలకరిస్తే "మరహబా" అని బదులిస్తారు, ఆ తర్వాత మాట్లాడే తీరే మారిపోతుంది. మనం పెద్దలకు నమస్కారం పెట్టడం లాంటిదే.

గంటలు లెక్కపెట్టే పద్ధతి కూడా వేరు. స్వాహిలీలో పగటి గంటలను ఉదయం ఆరింటి నుంచి లెక్కపెడతారు. ఏడు గంటలను ఒకటో గంట అంటారు. మొదటి వారం మా సమావేశం "సా తాతు"కు అన్నారు, అంటే మూడో గంట. నేను బుద్ధిగా మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. సమావేశం ఉదయం తొమ్మిదింటికే జరిగిపోయింది. కాపలా మనిషి నన్ను చూసి నవ్వి కుర్చీ వేశాడు.

తూర్పు ఆఫ్రికాలో మనల్ని "ముహిందీ" అంటారు. అక్కడ భారతీయుడంటే తరతరాలుగా దుకాణదారు, యజమాని. జీతం లేకుండా పనిచేయడానికి వచ్చానంటే మొదట నమ్మరు. దానికి నొచ్చుకోకండి, వివరించే ప్రయత్నమూ చేయకండి. వేళకు రండి, చాలు.

రోజూ పాటించవలసినవి:

☐ పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. మీ మంచికీ, వాళ్ళ మంచికీ.
☐ పిల్లలను బసకు తీసుకెళ్ళడం, సొంత ఫోను నంబరు ఇవ్వడం కూడదు.
☐ ముఖం కనిపించే ఫోటో తీయకూడదు. తప్పనిసరైతే తల్లిదండ్రుల, సంస్థ అనుమతి రాతలో ఉండాలి.
☐ "మళ్ళీ వస్తాను", "నిన్ను చదివిస్తాను" అనకూడదు. మనకు నోటి మాట, వాళ్ళకు ఎదురుచూపు.
☐ పిల్లలకు హాని జరుగుతోందని అనుమానం వస్తే సహాయ నంబరుకు చెప్పాలి. కెన్యాలో, ఉగాండాలో 116. నేపాల్‌లో మన నంబరే, 1098.

9. తప్పు జరిగిపోయాక

చెప్పిన పని ఒకటి, అక్కడ ఇచ్చింది ఇంకొకటి: వారం ఆగి, పర్యవేక్షకులతో ఒకసారి మాట్లాడి, మాట్లాడినది మెయిల్‌లో రాయండి. రెండో వారం కూడా మారకపోతే అత్యవసరం పద్దు తీయండి.

చూస్తే అనాథాశ్రమంలోనే తేలారు: పిల్లల దగ్గరి నుంచి వంటగదికి, లెక్కల గదికి, తోటకు జరగండి. సిబ్బందికి సాయపడండి. వెళ్ళే రోజును పిల్లలకు ముందే చెప్పండి, రాత్రికి రాత్రి మాయం కాకండి. నేను కాఠ్మాండూలో పిల్లలు ఏడుస్తారని తెల్లవారుజామున చెప్పకుండా బయలుదేరాను. ఇప్పటికీ అది గుర్తొస్తే సిగ్గుగా ఉంటుంది.

ఎవరికో అప్పు ఇచ్చారు, ఇప్పుడు పదిమంది అడుగుతున్నారు: ఇకమీదట సంస్థ ద్వారా తప్ప ఇవ్వనని ఒక్కసారి చెప్పి దాని మీదే నిలబడండి. ఇచ్చినది రాదు, వదిలేయండి.

ఇంటి మీద బెంగ: మూడో వారంలో వస్తుంది, నెల దాటితే తగ్గుతుంది. కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే ఇక్కడ పదకొండున్నర. అమ్మ కంగారుపడి లేస్తుంది, వేళ ముందే అనుకోండి.

10. అప్పగింత, తిరుగు ప్రయాణం

చివరి నెలను పూర్తిగా అప్పగింతకే ఉంచండి. మొదటి వారం మీరు చేస్తుంటే వాళ్ళు చూస్తారు. రెండో వారం వాళ్ళు చేస్తుంటే మీరు చూస్తారు. మూడో వారం మీరు ఆ గదిలో ఉండకండి. నాలుగో వారం ఎక్కడ ఆగిపోయిందో చూసి సరిచేయండి. నా రిజిస్టరులో పన్నెండు గడులు ఉండేవి. మూడో వారం నేను లేనప్పుడు వాళ్ళు ఐదే నింపారు. మొదట కోపం వచ్చింది. కూర్చుని చూస్తే మిగతా ఏడు నాకోసం పెట్టుకున్నవే, వాళ్ళకు అక్కర్లేదు. కొత్త పుస్తకం ఐదు గడులతో గీశాం.

తిరిగొచ్చాక మలేరియా మాత్రలను వెంటనే ఆపకండి. కొన్ని రకాలను నాలుగు వారాలు కొనసాగించాలి. ఆ తర్వాత కూడా కొన్ని నెలల పాటు ఎప్పుడు జ్వరం వచ్చినా వైద్యుడికి మొదట చెప్పవలసిన మాట "నేను ఫలానా దేశం వెళ్ళి వచ్చాను" అని. వానాకాలంలో విశాఖలో జ్వరమంటే ముందు డెంగీ వైపే చూస్తారు. మీరు చెప్పకపోతే ఆఫ్రికా మలేరియా సంగతి ఎవరికీ తట్టదు. అది రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి.